కిందటేడే బాగుంది

డిసెంబరు మొదటి వారం వచ్చేసరికి ఏలూరు బావగారికి చేతినిండా పని. సాయంత్రం ఆరింటికి కళ్ళద్దాలు తుడుచుకుని బయల్దేరతారు. వన్‌టౌన్ నుంచి టూటౌన్ దాకా ఏ చర్చికి ఎన్ని సీరియల్ సెట్లు కట్టారో, ఏ ఇంటి ముందు స్టార్ ఎంత ఎత్తున వేలాడుతోందో చూసుకుని, టీ బడ్డీ దగ్గర తీర్పు చెబుతారు. ఆయన చర్చికి వెళ్ళే మనిషి కాదు. దీపాల మీద అభిప్రాయానికి బాప్తిస్మం అక్కర్లేదని ఆయన వాదన.

తీర్పు మాత్రం ఏళ్ల తరబడి ఒకటే. “బానే ఉంది గానీ, కిందటేడే బాగుంది.”

ఏలూరుకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. కృష్ణ కాలవ, గోదావరి కాలవ వచ్చి కలిసే ఊరు. గట్టు మీద ఒక బల్బు వెలిగిస్తే నీళ్ళలో రెండోది ఊరికే వస్తుంది. 1854లోనే సీఎంఎస్ మిషనరీలు మకాం పెట్టిన చోటు, 1976 నుంచి కతోలిక మేత్రాసనానికి పీఠం. అంచేత ఇక్కడ క్రిస్మస్ నిన్నమొన్నటి ముచ్చటేం కాదు. “మరి గూడెంలో ఏముందిరా?” అని బావమరిదికి ఫోన్ చేస్తారు బావగారు.

తాడేపల్లిగూడెం బావమరిది ఉల్లిపాయల వ్యాపారి. ఏ మాటైనా బస్తా ధరతో మొదలెట్టడం అలవాటు. “మాకేం తక్కువ బావా? రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఉంది. దానికి రెండు వైపులా సీరియల్ సెట్లు కట్టామంటే విమానమే దిగుద్ది, క్రిస్మస్ తాతని తీసుకుని!”

నిజానికి ఈ రెండు ఊళ్ళ మధ్య రాత్రిపూట బస్సులో వెళ్తే పోటీ ఎవరితో ఎవరికో తెలీదు. భీమడోలు, కైకరం, ఉంగుటూరు, ఎక్కడ చూసినా డాబాల మీద స్టార్లే. కార్తీకమాసం అయిపోయి గుళ్ళో ఆకాశదీపం దించేశాక ఎన్నాళ్ళో గడవదు, పక్క వీధిలో వెదురు గడకి నక్షత్రం ఎక్కేస్తుంది. పదహారో తారీఖున ధనుర్మాసం పడితే తెల్లారగట్ల మైకులో తిరుప్పావై, రాత్రి పదకొండింటికి వాకిట్లో క్యారల్స్. మధ్యలో సెమీ క్రిస్మస్‌లు. నిద్రపోవడానికి జనవరి ఉండనే ఉంది.

ఇప్పటి ప్లాస్టిక్ స్టార్లంటే బావగారికి చులకన. ఆయన చిన్నతనంలో స్టార్ కొనేది కాదు, కట్టేది. వెదురు బద్దలు చీల్చి, అయిదు కోణాలకీ పురికొస బిగించి, ఉడికించిన మైదా బంకతో రంగు కాగితం అంటించి, లోపల అరవై క్యాండిల్ బల్బు దించేవారు. బంక ఆరేలోపు బొద్దింకలు వచ్చి ఒక కోణం తినేసేవి. మిగిలిన దాంట్లో బల్బు వేడికి ఇంకో కోణం మాడేది. అయినా అదే బాగుండేదట.

సీరియల్ సెట్ల కథ వేరు. 230 వోల్టుల కరెంటుకి ఆరు వోల్టుల చిట్టి బల్బులు నలభై దాకా వరసగా కలిపేవారు. అందులో ఒకటి పోతే మొత్తం దండ చీకటి. బావగారు స్టూలెక్కి ఒక్కో బల్బునీ నొక్కి, తిప్పి, బతిమాలి, ముప్పై ఏడో దాని దగ్గర దొంగని పట్టుకునేవారు. ఈలోపు క్యారల్స్ వాళ్ళు వచ్చి వెళ్ళిపోయేవారు. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీలు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకి 2014లో నోబెల్ ఇచ్చారని మనవడు చెబితే, “ఆ నీలమేరా కళ్ళలో గుచ్చుకునేది,” అన్నారు.

అసలు ఇబ్బందంతా లైటింగ్ కుర్రాడిది. వినాయక చవితికీ, దసరాకీ, అయ్యప్ప పడిపూజకీ, క్రిస్మస్‌కీ అతనే, ఆ బోర్డులే. ఓ ఏడు చర్చి గేటు మీద దేవదూత పక్కన నెమలి పురి విప్పి వెలుగుతోంది. ఇదేంటని బావగారు నిలదీశారు. “జ్ఞానులు తూర్పు నుంచే కదండీ వచ్చారు? ఆళ్ళతో వచ్చిందండి,” అన్నాడు కుర్రాడు. బావగారు నోరు మూసుకున్న ఏకైక సందర్భం అదే.

దీపాల పోటీ అంటారా, లండన్‌లో రీజెంట్ స్ట్రీట్ వ్యాపారులు 1954లో వీధంతా దీపాలు కట్టించారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ వాళ్ళు చూసి ఊరుకోలేక 1959లో తామూ కట్టించారు. బావా బావమరుదుల పంచాయితీ అక్కడా ఉందన్నమాట.

ఈ గొడవకి దూరంగా ఉండేది కైకలూరు వియ్యంకుడొక్కడే. కొల్లేటి పక్కన రొయ్యల చెరువులు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోకుండా ఏరియేటర్లు రాత్రంతా తిరగాల్సిందే, గట్ల మీద బల్బులు వెలగాల్సిందే. చీకట్లో ఆ వైపు చూస్తే నీళ్ళ మీద మైళ్ళకొద్దీ దీపాల దండ. దీపాలు చూద్దామని బావా బావమరిదీ వెళ్తే, “మాకు రోజూ క్రిస్మసేనండి,” అన్నాడాయన. “కరెంటు బిల్లు మాత్రం నెలకోసారి.” బాగున్నాయా లేదా అని అభిప్రాయం చెప్పాల్సింది పక్కనున్న ఆటపాక పెలికాన్లే. వాటిని అడిగినవాళ్ళు లేరు.

తిరిగొచ్చిన రాత్రి మనవడు ఫోన్లో వీధి ఫోటో ఒకటి చూపించాడు. బావగారు అద్దాలు పైకి జరిపి చూసి పెదవి విరిచారు. “ఏం బాలేదురా. కిందటేడు ఎలా ఉంది!”

“తాతయ్యా, ఇది కిందటేడు తీసిందే.”

బావగారు ఒక్క క్షణం ఆలోచించారు.

“అయితే అంతకుముందేడు.”