లేస్త, కడుక్కుంట, పండుకుంట: గోదావరిఖనిలో స్పానిష్ ఆత్మార్థక క్రియలు

స్పానిష్‌లో పని ఫలం చేసినవాడికే తగిలితే ఆ క్రియను ఆత్మార్థకం అంటారు. నిఘంటువులో దీన్ని గుర్తుపట్టడం తేలిక, చివర 'సె' అనే తోక ఉంటుంది. లెబాంతార్ అంటే లేపడం. లెబాంతార్సె అంటే తనను తాను లేపుకోవడం, అనగా లేవడం. వర్తమానకాలంలో ఈ తోక ఊడి, మనిషిని బట్టి వేషం మార్చి, క్రియకు ముందు వచ్చి నిలబడుతుంది. మె లెబాంతో, నేను లేస్త. తె లెబాంతాస్, నువ్వు లేస్తవ్. సె లెబాంతా, ఆయన లేస్తడు. నోస్ లెబాంతామోస్, మనం లేస్తం. ఓస్ లెబాంతాయిస్, మీరు లేస్తరు. సె లెబాంతాన్, వాళ్లు లేస్తరు. మొదటి షిఫ్టు ఉన్న క్వార్టర్‌లో తెల్లారకముందు ఈ ఆరింటిలో నిజంగా జరిగేది ఒక్కటే. మిగతా ఐదూ వ్యాకరణం కోసం.

లెబాంతార్‌లో వినిపించే బ స్పెల్లింగులో వ. స్పానిష్‌లో వ రాసి బ పలుకుతారు. 'విడుస్తాడు' అని రాసి 'ఇడుస్తడు' అనే ప్రాంతానికి ఇది పెద్ద అభ్యంతరం కాకూడదు.

ముందున్న 'మె'ను మింగేస్తే అర్థం మారుతుంది. ఉత్త 'లెబాంతో' అంటే 'నేను లేపుతున్న' అని. ఏం లేపుతున్నావని విన్నవాళ్లు అడుగుతారు. బొగ్గుబాయిలో దిమ్మె ఎత్తుతున్న టింబర్‌మన్ దగ్గర దీనికి జవాబుంది, మంచం మీదున్నవాడి దగ్గర లేదు.

తెలుగులో ఈ పని చాలావరకు 'కొను' చేస్తుంది. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో ఆత్మనేపదార్థంలో అనుప్రయుక్తమయ్యే ధాతువు ఇదే. ఆత్మనేపదం అనే మాట సంస్కృతానిది, అక్కడ పచతి అంటే వేరేవాళ్లకు వండడం, పచతే అంటే తనకోసం వండుకోవడం. గోదావరిఖనిలో 'వండుతుండు' అంటే క్యాంటీన్‌లో పనిచేస్తున్నాడని, 'వండుకుంటుండు' అంటే భార్య పుట్టింటికి పోయిందని చౌరస్తా దాకా అర్థమవుతుంది. అయితే 'కొను' క్రియకు వెనకనుంటుంది, చేసేది ఎవరైనా తను మారదు. స్పానిష్ సర్వనామం ముందుంటుంది, ప్రతి మనిషికీ మారుతుంది. 'మనం', 'మేం' అనే తేడా మాత్రం దానికి తెలియదు, రెండింటికీ నోసే.

గౌరవ రూపం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. పెద్దవాళ్లను 'ఉస్తెద్' అనాలి, దాని వెంట 'సె' రావాలి. అంటే మేనేజర్ ఎదుట నిలబడి, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడాలి. మేనేజర్ లేనప్పుడు ఆయన గురించి మాట్లాడే అలవాటు ఏ బాయిలోనైనా ఉన్నదే కాబట్టి క్రియారూపాలు కొత్తగా బట్టీ పట్టనక్కర్లేదు.

షిఫ్టుకు తయారయ్యే క్రమంలో ఎక్కువగా పనికొచ్చేది పొనేర్సె. మె పోంగో లాస్ బోతాస్, బూట్లు ఏసుకుంట. మె పోంగో ఎల్ కాస్కో, హెల్మెట్ పెట్టుకుంట. అంగీ తొడుక్కోవాలి, బెల్టు కట్టుకోవాలి, హెల్మెట్ పెట్టుకోవాలి అని తెలుగు ఒక్కో వస్తువుకు ఒక్కో క్రియ పంచిపెట్టింది. స్పానిష్ అన్నింటినీ ఒక్క పొనేర్సెతో సరిపెడుతుంది. తీసేటప్పుడు 'మె కీతో లాస్ బోతాస్' అంటారు. మన దగ్గర బూట్లు ఉత్తగానే ఇడుస్తారు, కొనుతో పనిలేదు.

షిఫ్టు దిగాక 'మె లాబో లా కారా', మొఖం కడుక్కుంట. 'నా మొఖం' అనడం ఇక్కడ మోటు. 'మె' ఉండనే ఉంది గనక ఒంటి భాగాలకు 'నా' అంటించరు. తెలుగూ అంతే, చేతులు కడుక్కుంటాం గానీ 'నా చేతులు' కడుక్కోం. బాయి నుంచి పైకొచ్చిన గుంపులో మొఖాలన్నీ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి ఏది ఎవరిదన్న సందేహం న్యాయమైనదే. దాన్ని తీర్చే భారం వ్యాకరణం 'మె' మీద వేసింది.

కొన్ని క్రియల్లో మూలం కూడా కదులుతుంది. పండుకుంట అనడానికి మె అక్వెస్తో, మనం పండుకుంటం అనడానికి నోస్ అకోస్తామోస్. బట్టలేసుకుంట అంటే మె బిస్తో, ఏసుకుంటం అంటే నోస్ బెస్తీమోస్. నోస్, ఓస్ ఉన్నచోట మూలం చెక్కు చెదరదు. 'కడుగు'ను 'కడుక్కుంట'గా మార్చినవాళ్లు దీని మీద ఫిర్యాదు చేయడం బాగుండదు.

'కొను' కనిపించిన ప్రతిచోటా సె పెట్టడం తప్పు. ల్యాంప్ రూంలో దీపం తీసుకుంటాం, స్పానిష్‌లో దానికి మె అక్కర్లేదు. నేర్చుకుంటాం, అప్రెందో అంటే చాలు. పెండ్లి చేసుకోవడానికి మాత్రం కావాలి, మె కాసో. ఇంకో చిక్కు, సె ఒక్క కొను పనితోనే ఆగదు. మె బోయ్ అంటే పోత కాదు, ఎల్లిపోత. సె కాయె, పడిపోతడు. మె దుఎర్మో, నిద్రపోత. అంటే 'పోవు' డ్యూటీ కూడా ఇదే చేస్తుంది. మె కోమో తోదో అంటే అంతా తినేస్త, ఇక్కడ 'వేయు' డ్యూటీ కూడా. తెలుగు ముగ్గురిని పెట్టుకున్న పనికి స్పానిష్ ఒక్కణ్నే మస్టర్‌లో రాసుకుంది.

ఇద్దరు చేరితే అర్థం ఇటూ అటూ అవుతుంది. సె ఇన్‌సుల్తాన్ అంటే ఒకరినొకరు తిట్టుకుంటరనీ, ఎవరికివారే తిట్టుకుంటరనీ. తెలుగు 'తిట్టుకుంటరు'కూ ఇదే జబ్బు. గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలప్పుడు మొదటి అర్థం, ఫలితాలొచ్చాక ఓడినవాళ్లకు రెండో అర్థం వర్తిస్తాయి.

వర్తమానంతోనే రేపటి మాట కూడా చెప్పొచ్చు. 'మన్యానా మె లెబాంతో తెంప్రానో', రేపు జల్ది లేస్త. నమ్మకం విషయంలో రెండు భాషల్లో తేడా లేదు.

చివరగా, నేరాన్ని వస్తువు మీదికి నెట్టే సె ఒకటుంది. సె మె ఆపాగా లా లాంపరా, నా దీపం దానంతటదే ఆరిపోతుంది. సె మె ఒల్బీదా ఎల్ నూమెరో, నంబర్ తనే నాకు మరుపుకొస్తుంది. క్రియ వస్తువును అనుసరిస్తుంది, మనిషి 'మె'గా మధ్యలో నలిగిపోయే బాధితుడు. దీపాలు రెండైతే సె మె ఆపాగాన్. చార్జిషీటుకు జవాబు రాయడానికి ఇంతకంటే అనువైన వాక్యం దొరకదు గానీ, జరిగిపోయిన సంగతికి భూతకాలం కావాలి. అది వేరే పాఠం.