వేప సబ్బుకు వేప వాసన రావద్దు

వేప సబ్బు కొనేవాళ్లలో వేప వాసన కోరేవాళ్లు ఎందరు? గానుగ నుంచి అప్పుడే వచ్చిన వేపనూనె మూత తీస్తే వెల్లుల్లి, గంధకం కలిసిన ఆ ఘాటుకు దోమలేం ఖర్మ, చుట్టాలే గడప దాటరు. అందుకే సబ్బు డబ్బా మీద వేపరెమ్మ, లోపల వేపనూనె ఏదో కొంత, ముక్కుకు మాత్రం మల్లెపూలో నిమ్మకాయో. ప్రకృతి కావాలంటాం గానీ, అది తలంటుకుని పౌడరు రాసుకుని మన ముందుకు రావాలి. ఆదిలాబాద్ ఇప్పనూనెదీ అదే గతి. గోండు ఇండ్లలో కూరకూ దీపానికీ వాడిన నూనె, చలికి గడ్డకట్టే నూనె, సబ్బుకు భేషైన సరుకు. కానీ దాని సొంత వాసనతో అంగడికి వస్తే పెద్దగా గిరాకీ ఉండదు.

మొక్క నుంచి తీసిందల్లా అమృతం, కార్ఖానాలో చేసిందల్లా విషం అనే వాదాన్ని చిత్తు చేయడానికి రూసా గడ్డి ఒక్కటి చాలు. పామరోజా అన్నా అదే. ఆదిలాబాద్ అడవుల్లో దానంతటదే మొలుస్తుంది. కోసి బట్టీలో ఆవిరి పడితే గులాబీ లాంటి పరిమళం దిగుతుంది (బట్టీ అనగానే వేరే సరుకు గుర్తొచ్చినవాళ్లు కాస్త ఆగండి). ఆ నూనెలో ముప్పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, జెరానియోల్ అనే పదార్థం. గులాబీలోనూ అదే ఉంది. 19వ శతాబ్దంలో మన దేశపు ఈ గడ్డి నూనె బొంబాయిలో ఓడెక్కి టర్కీ చేరేది. అక్కడ దాన్ని గులాబీ అత్తరులో కలిపి గులాబీ ధరకు అమ్మేవాళ్లు. కల్తీయే, కానీ నూటికి నూరుపాళ్లు సహజమైన కల్తీ! ఇప్పుడు అదే జెరానియోల్‌ను టర్పెంటైన్ నుంచి కూడా తయారుచేస్తున్నారు. అణువుకు కులగోత్రాలు ఉండవు. అడవిలో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా ముక్కుకు ఒకటే. హారతి కర్పూరం కూడా ఇవాళ చాలావరకు టర్పెంటైన్ నుంచి చేసిందే. దేవుళ్లెవరూ అలిగినట్టు లేదు.

‘సెంటు పడదండీ, తలనొప్పి, దురద’ అంటారు. కొందరికి పడదు, నిజమే. ఐరోపా సమాఖ్య 2003లో 26 సువాసన పదార్థాల పేర్లు మోతాదు మించితే లేబుల్ మీద విడిగా రాయాలంది, చర్మానికి పడనివాళ్ల కోసం. ఆ జాబితాలో మన జెరానియోల్ ఉంది, లవంగంలోని యూజెనాల్ ఉంది, ధనియాల్లోని లినలూల్ ఉంది, నారింజ తొక్కలోని లిమోనీన్ ఉంది. అంటే దురదకు పోపులపెట్టె కూడా బాధ్యురాలే. మన లేబుళ్ల మీద చాలావాటికి ‘పర్‌ఫ్యూమ్’ అని ఒక్క మాట. ఆ మాట వెనక మొక్క దాక్కుందో, ఫ్యాక్టరీ దాక్కుందో, కొన్నవాడికి తెలిసే దారి లేదు.

అయితే అత్తరు తెలిసినవాళ్ల అభ్యంతరం ఇంతకంటే బలమైనది. జెరానియోల్ ఒక్కటే గులాబీ కాదు, అసలు గులాబీ నూనెలో వందల పదార్థాలు కలిసి పలుకుతాయి అంటారు. ఒప్పుకోవాల్సిందే. కానీ కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల రేకులు కావాలి. కరీంనగర్ వెండితీగ పనివాళ్లు అల్లే అత్తరుదానిలో పోయడానికి సరే. ఊరూరా అగరుబత్తికీ, ఫినాయిలుకూ ఎక్కడి నుంచి తేవాలి? తంగేడుకూ గునుగుకూ చెప్పుకోదగ్గ వాసన లేకపోవడం బతుకమ్మ అదృష్టం. ఉండి ఉంటే సెంటు వ్యాపారులు మనకు ఒక్క పువ్వు మిగల్చకపోదురు.

మరి మొక్కల నూనెకు ఎక్కువ డబ్బు పెట్టడం ఎందుకు? ఆరోగ్యం పేరు చెప్పడం అనవసరం. తెల్లారకముందే చెట్టు కిందికి వెళ్లి ఇప్పపువ్వూ గింజా ఏరే కుటుంబానికి ఆ పైసలు చేరతాయంటే అది చాలు. చేరాలంటే లోపల నిజంగా ఆ నూనె ఉండాలి, ఎంత ఉందో రాసి ఉండాలి. రెమ్మ బొమ్మకు ఇచ్చే డబ్బు ప్రింటింగ్ ప్రెస్సుకే పోతుంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ ఖాందేవ్ జాతరలో గోండుల తొడసం వంశపు ఆడపడుచు మొక్కుగా రెండు కిలోలకు పైగా నువ్వులనూనె తాగుతుంది. అది తనవాళ్లు ఇండ్లలో తీసి తెచ్చిన నూనె, అందుకే ఆ ధీమా. ‘నూరు శాతం సహజం’ అని రాసుకున్న సీసా యజమానిని అందులోంచి రెండు చెంచాలు తాగి చూపించమంటే, ముందు లాయరుకు ఫోన్ చేస్తాడు.