‘బ్యాకప్పు రేపు తీద్దాంలే’ - సటీకా తాత్పర్యం

మూలం: బ్యాకప్పు రేపు తీద్దాంలే.

అవతారిక: ఇది గృహస్థ వాక్యం. కర్త వేరెవరో కాదు, ఈ వ్యాఖ్యాతే. కాలం 2019 ఎండాకాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. "గోడ గడియారం ఆగి నెలైంది. మరి ఆ టిక్కు టిక్కు ఎక్కడిది?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. చెవి పెట్టి విన్నాను. చప్పుడు కంప్యూటర్ డబ్బాలోంచి వస్తోంది. "నాయిన మాటలు అందులోనే ఉన్నయి గద, ఇంకో దాంట్ల ఎక్కించరాదూ?" అంది. జవాబుగా వెలువడిందే పై వాక్యం.

మెదక్ సీమలోని కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకి ‘సంజీవని’ అని పేరు పెట్టుకున్నాడు. మా హార్డ్ డిస్కు ఏ సంజీవనికీ లేచేది కాదు కాబట్టి నా టీకకి ‘ప్రతిదీపిక’ అని పేరు పెడుతున్నాను.

ప్రతిపదార్థం:

బ్యాకప్పు = మూలం పోయినా మిగిలే మరో ప్రతి. అన్యదేశ్యం. హలంతంగా వచ్చి మన నోట పడి ఉకారాంతమైంది. అప్పు, తప్పు, ముప్పులతో దీనికి ప్రాస కుదరడం కాకతాళీయమని వైయాకరణులు అంటారు. డిస్కు పోగొట్టుకున్నవాళ్లు ఒప్పుకోరు. మన ‘ప్రతి’లోనే ఈ శాస్త్రమంతా ఉంది. పేరుగా వాడితే నకలు, రోజుకి ముందు చేర్చితే విడవకుండా అని అర్థం. ఒకే మాట ఏం చెయ్యాలో, ఎప్పుడెప్పుడు చెయ్యాలో రెండూ చెబుతోంది. ఇంత పొదుపైన మాట చేతిలో ఉండగా అన్యదేశ్యాన్ని తెచ్చుకున్నాం, తెచ్చుకుని దాన్నీ వాయిదా వేశాం.

రేపు = ఇవాళ కానిది. పంచాంగంలో ఉండే రేపటికి తిథి, వారం, నక్షత్రం ఉంటాయి. ఈ వాక్యంలోని రేపటికి అవేవీ లేవు.

తీద్దాం = తీయుదము. ఉత్తమ పురుష, బహువచనం. ఇట శంక: ఇంట్లో ఆ పని తెలిసినవాడు ఒక్కడే కదా, బహువచనమెందుకు? గౌరవార్థం కాదు. భారం పంచడానికి. పంచగా ఎవరి వాటాకీ ఏమీ రాదు. ఇక ధాతువు సంగతి. ఫొటో తీస్తాం, జిరాక్స్ తీస్తాం, బ్యాకప్పు తీస్తాం. మూడు చోట్లా ఒకటి రెండవుతుంది. పరువు తీసినా ప్రాణం తీసినా ఉన్న ఒకటీ పోతుంది. ‘లే’ చేరినప్పుడు ధాతువు రెండో జాతిలోకి జారిపోతుందని నా అభిప్రాయం.

లే = వాక్యానికి ఆయువుపట్టు. పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని పాదపూరణంగా కొట్టిపారేసేవారేమో గానీ నేను ఒప్పుకోను. ‘రేపు తీద్దాం’ ప్రతిజ్ఞ. ‘రేపు తీద్దాంలే’ ఆ ప్రతిజ్ఞకి పెట్టిన నీళ్లధార. అవతలివాళ్లని ఊరడించడం, పనిని పక్కకి నెట్టడం, ఇక ఈ మాట ఎత్తొద్దని చెప్పడం - మూడూ ఒక్క అక్షరంలో. ‘ఇద్దాంలే’ విన్న అప్పులవాణ్ని అడగండి, దాని బరువు చెబుతాడు.

పాఠాంతరం: ‘ఆదివారం తీద్దాంలే’ అని కొన్ని ఇళ్లలో వినబడుతుంది. ఆ రోజే ఆదివారం కావడంతో మా ఇంట ఆ పాఠం చెల్లలేదు.

విశేషార్థం: ఇప్పుడు డబ్బాలోపలి సంగతి. మాది 2012లో కొన్న 500 జీబీ డిస్కు. అందులో ప్లాటర్ అనే పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. చదివే హెడ్డు దాన్ని తాకదు. తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో, గాలి పొర మీద తేలుతుంటుంది. అది గాడి దొరక్క వెనక్కి పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ వెనక్కి పోతుంటే వినిపించేదే టిక్కు టిక్కు. అప్పటికైనా కంప్యూటర్ ఆపేసి ఉండాల్సింది. నేను ఆపలేదు సరికదా, ‘స్లో అయింది’ అని రెండుసార్లు రీస్టార్ట్ కూడా కొట్టాను.

శంకా సమాధానాలు: ‘యూపీఎస్ ఉంది కదా?’ అంటారు. అది కరెంటు పోయినప్పటి మాట. ‘సీ డ్రైవ్‌లోది డీ డ్రైవ్‌లో కూడా వేసుకున్నాం కదా?’ ఈ శంక మన దేశంలో లేని ఇల్లు లేదు, మా ఇల్లూ అందులో ఒకటి. చాలా ఇళ్లలో సీ, డీ రెండు డిస్కులు కావు, ఒకే డిస్కులో గీసిన గీత. ఇంటిని రెండు వాటాలు చేసినంత మాత్రాన పునాది రెండు కాదు. ‘క్లౌడ్‌లోకి దానంతటదే పోతుంది’ అనేవాళ్లు ఇంకో రకం. అలా జతగా నడిచేది అద్దం లాంటిది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెరిపింది కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటుంది, ఆ గడువులోపల గుర్తుకొస్తేనే అదృష్టం. ‘బయటి డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంచుతాం’ అంటే, 2017 మే నెలలో ప్రపంచమంతా తిరిగిన వానాక్రై వైరస్ లాంటివి తగిలించి ఉన్నదానికి కూడా తాళం వేసి పోతాయి. తీసి అలమరలో పెట్టడం కూడా బ్యాకప్పులో భాగమే.

తీసినవాళ్లకీ ఒక శంక ఉండాలి: తీసింది తెరుచుకుంటుందా? 1998లో పిక్సార్ వాళ్ల ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు ఒక కమాండ్ పొరపాటుతో చెరిగిపోతూ వచ్చాయి. బ్యాకప్పు ఉందిలే అనుకున్నారు, చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. పసిపాప ఉందని ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సస్మన్ అనే ఆవిడ ఇంట్లో కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉండబట్టి సినిమా బతికింది. అంత పెద్ద స్టూడియోని నిలబెట్టింది ఒక బాలింత ఇంటి ప్రతి.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలో పెట్టిన మూడు-రెండు-ఒకటి లెక్క అక్కడికే వస్తుంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట. తెలుగువాళ్లకి ఇది కొత్తగా తోస్తే తప్పు మనదే. తాటాకుకి ఆయుష్షు ఉందని, పురుగూ తడీ దాన్ని తింటాయని మనవాళ్లకి తెలుసు. అందుకే పాతబడ్డ ఆకులోది కొత్త ఆకు మీదకి ఎత్తి రాసేవారు. బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు ఊళ్లూళ్ల నుంచి తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి సరిచూపించి, శుద్ధప్రతి రాయించాడు. ఒక ఊరి ఆకులో పురుగు కొట్టిన అక్షరం ఇంకో ఊరి ఆకులో దొరికేది. అంటే ఆ కావ్యాలకి ఇంటి బయట ప్రతి ఉండేదన్నమాట. తాళ్లపాక వారు అన్నమయ్య సంకీర్తనలని ఏకంగా రాగిరేకుల మీదకి ఎక్కించారు. రాగిని చెద తినదు. అయినా ముప్పై రెండు వేలని ప్రతీతి ఉన్నవాటిలో రేకుల మీద మనకి దొరికినవి సగం కూడా లేవు. గట్టి సాధనం ఒకటికన్నా మామూలువి రెండు మేలని నా మతం. రాగి ఇష్టులు కోప్పడవచ్చు.

ఇక తాత్పర్యం. సోమవారం కంప్యూటర్ తెరుచుకోలేదు. కంప్యూటర్లు బాగుచేసే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకాయన డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని, డాక్టరు లాగా కళ్లు మూసుకుని విని, "హెడ్డు పోయింది సార్. ప్లాటర్ గీసుకపోయింది" అన్నాడు. రీస్టార్ట్ కొట్టారా అని అడిగాడు. లేదని చెప్పాను.

పట్టా పాస్‌బుక్ నకలు మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు. పిల్లల మార్కుల మెమోలు బీరువాలో ఉన్నాయి. పోయింది ‘న్యూ ఫోల్డర్’లోని ఇంకో ‘న్యూ ఫోల్డర్’లో ఉన్న నలభై నిమిషాల రికార్డింగు. మా నాయిన బావి తవ్విన కథ: ఎవరెవరు తట్టలు మోశారు, పదకొండు గజాల దగ్గర బండ ఎట్ల తగిలింది, బండ పగలగొట్టినంక నీళ్లు ఎంత ఎత్తుకి ఎగజిమ్మినయి. చెప్పిన ఏడాదికే ఆయన పోయాడు.

దినాలప్పుడు మా పెద్దనాయిన కొడుక్కి అందులోంచి ఒక ముక్క వాట్సాప్‌లో పంపిన సంగతి చాలా రోజులకి గుర్తొచ్చింది. ఫోను మార్చినా వాడు దాన్ని దాచాడు. నాలుగు నిమిషాలు. ఇప్పుడవి కంప్యూటర్‌లో ఉన్నాయి, అలమరలోని బయటి డిస్కులో ఉన్నాయి, ఊళ్లో వాడి దగ్గర ఉన్నాయి. మూడు చోట్లా నాయిన పదకొండు గజాల దగ్గర గడ్డపార బండకి తగిలిందని చెప్పి ఆగుతాడు. మూడింట్లోనూ బావిలో ఇంకా నీళ్లు పడలేదు.