డిజైనర్ బామ్మర్ది

మా బామ్మర్ది పన్నెండేళ్లు గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, ఓ అద్దాల మేడ పద్నాలుగో అంతస్తులో కూర్చుని ఊళ్లోవాళ్ల అప్పులు లెక్కపెట్టాడు. ఓ శ్రావణ శుక్రవారం ఊడిపడి, "బావా, ఉద్యోగం మానేశా. ఇకమీదట ఫ్యాషన్ డిజైనర్‌ని" అన్నాడు. 'మహానటి' దుస్తులకు 2019లో జాతీయ అవార్డు వచ్చినప్పటి నుంచి వాడి కన్ను చీరల మీదే ఉందట. మా అత్తగారు సోఫాలో కూలబడి, "బ్యాంకు ఆఫీసరని చెప్పి పిల్లను తెచ్చుకున్నాం కదరా! ఇప్పుడు వియ్యపురాలికి దర్జీ అని చెప్పనా?" అంది.

ఇలాంటివాళ్లను ఆనవాలు పట్టడం తేలిక. మెడలో టై పోయి టేపు వస్తుంది. గడ్డం పెరుగుతుంది. చొక్కా లినెన్ అవుతుంది. నోరు మాత్రం మారదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో లైనింగ్ గుడ్డ బేరమాడుతూ, "వచ్చే క్వార్టర్‌లో రేటు తగ్గుద్దా?" అంటారు.

మావాడు పోచంపల్లి వెళ్లి, ఇక్కత్ నేసే పెద్దాయనతో "ఈ డిజైన్ నాలుగు రోజుల్లో కావాలి" అన్నాడు. ఆయన లోపలికి తీసుకెళ్లి, చట్రానికి బిగించిన దారాలు చూపించాడు. ఇక్కత్ బొమ్మ గుడ్డ మీద అద్దేది కాదు. రంగు పట్టకూడని చోట దారాన్ని బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు. అంతా విని మావాడు మురిసిపోయి, "అంటే ఫార్వర్డ్ కాంట్రాక్టన్నమాట!" అన్నాడు. పెద్దాయన మజ్జిగ ఇచ్చి సాగనంపాడు.

మొదటి కలెక్షన్‌కి మా చుట్టాల్లో పన్నెండుమంది కొలతలు తీసి, ఎక్సెల్‌లో సగటు కట్టి, అందరికీ ఒకే కొలత జాకెట్లు కుట్టించాడు. ఒక్కటీ ఎవరికీ పట్టలేదు. పైగా గుడ్డ ఆదా అని 80 సెంటీమీటర్ల ముక్కని 70కి దించాడేమో, చేతులు భుజాల దగ్గరే ఆగిపోయాయి. ఆది జాకెట్టు లేనిదే కత్తెర పట్టని మాస్టర్, "ఆ సగటామెను తోల్కరాండ్రి సార్, ఆమెకు మంచిగ కుడ్త" అన్నాడు.

కోట్ల బాకీలు ముక్కుపిండి వసూలు చేసినవాడు, మేనత్తని పన్నెండు వందల కుట్టుకూలి అడగలేక తల గోక్కుంటాడు. తొంభై రోజులు దాటితే మొండిబాకీ అని రిజర్వ్ బ్యాంకు లెక్క. ఆ లెక్కన మా చుట్టాల జాకెట్లన్నీ మొండిబాకీలే, మా ఆవిడవి నాలుగుతో సహా.

మొన్న వాడి షాపుకెళ్తే, కొత్త జాకెట్లు వరసగా హుక్కుల్లేకుండా వేలాడుతున్నాయి.

"మర్చిపోయావా మాస్టర్?"

"లేదు సార్. పైసలొచ్చినంక కుడ్త."

మావాడు టేపు మెడలోంచి తీసి బల్లమీద పెట్టి, "పన్నెండేళ్లు రిస్క్ మేనేజ్‌మెంట్ చేశాను బావా..." అని ఆగిపోయాడు.

ఆ వరసలో మా ఆవిడ కొత్త జాకెట్టూ ఉంది. పాతవాటితో కలిపి అయిదింటికీ డబ్బు కట్టి, హుక్కులయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాను.