నైరుతిలో స్విమ్మింగ్ పూల్

మా అమ్మాయి ఈమధ్య సముద్రం ఒడ్డున విల్లాలో ఉంటోంది. గోడలన్నీ అద్దాలే. పైన లైబ్రరీ, కింద జిమ్, వెనకాల స్విమ్మింగ్ పూల్. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సారు కట్టించి ఇచ్చాడు. అనకాపల్లిలో ఆయన దగ్గర చేరిన పిల్లలందరికీ అదే విల్లా. అంతమందికి బాత్‌రూములు ఎన్నో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. రెండో భాగంలో కార్డు ఒకటి చేతిలో పెడతారు. మీరు కోరుకునే ఇల్లు ఎక్కడ, ఎంత, ఎలా, ఎందుకు? ఆలోచించుకోడానికి 1 నిమిషం, చెప్పడానికి మహా అయితే 2. మా గవరపాలెంలో వీధి గుమ్మం ఎటు పెట్టాలో తేలడానికే సిద్ధాంతిగారి చుట్టూ ఆర్నెల్లు తిరగాలి.

ఇంట్లో ఎగ్జామినర్ వేషం నాది. అమ్మాయి అందుకుంది. పక్కన చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అమ్మకి ఆ ఇంగ్లీషులో పూల్ ఒక్కటే చిక్కింది.

"నీళ్ళ గొయ్యి ఏ మూలే?"

"వెనకాల, మామ్మా."

"వెనకాలంటే నైరుతేటి? యజమానికి అరిష్టం. ఈశాన్యానికి జరుపు."

"అది లేని ఇల్లు మామ్మా!"

"లేని ఇంటికైతే వాస్తు వద్దేటి?"

పూల్ ఈశాన్యానికి జరిగింది. దాంతో ఆ మూల ఉండాల్సిన దేవుడి గది లేచి లైబ్రరీలో పడింది. నా వాచీలో 2 నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.

అసలు ఈ పరీక్షలో ఇంటికి మార్కుల్లేవు. తడబడకుండా చెప్పడం, మాటల సంపద, వ్యాకరణం, ఉచ్చారణ, వీటికే 9 దాకా బ్యాండ్. రాజభవనమైనా రేకుల షెడ్డయినా ఒకటే. మా బెల్లం మార్కెట్లో దిమ్మకి ముందు రంగు చూసే ధర కడతారు. ఆ రంగు కోసమే కొందరు పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కోచింగ్ సారు కలిపే హైడ్రోస్ పేరు 'ప్లెథోరా ఆఫ్ ఎమినిటీస్'. బట్టీ కొట్టిన ముక్కని ఎగ్జామినర్లు ఇట్టే పసిగడతారని ఆయనకి ఎవరు చెప్పాలి?

"విల్లా వదిలెయ్, మామ్మ పుట్టిల్లు చెప్పు" అన్నాను. పెంకుటిల్లు, వీధరుగు, నడిమింట మండువా. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతరంటే చుట్టాలు దిగిపోయి ఎక్కడ చాప దొరికితే అక్కడే పడక. చెబుతుంటే నాకే గొంతు పూడుకుపోయింది. అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో పెట్టింది. ఎక్కడా ప్లెథోరా లేదు. మొహం వెలిగిపోతోంది.

ఏమిటంటున్నారని అమ్మ అడిగింది. చెప్పాను. మనవరాలి వైపు తిరిగింది.

"ఆ కొంపా! వానొస్తే గిన్నెలు పరుచుకుని తెల్లార్లూ జాగారం. చెంబట్టుకుని చెరువు గట్టుకి పోవడం. చుట్టాలకి చాపలేసింది మీ నాన్నేటి? నేనూ మా అమ్మాను. నీకా అద్దాల ఇల్లే బాగుంది, అదే చెప్పు. తుడిచేదెవరో మాత్రం ముందే తేల్చుకో."