పలక బరువు

2015లో ఐప్యాడ్ ప్రో తెచ్చినప్పటి నుంచీ ల్యాప్‌టాప్‌కు కాలం చెల్లిందనే ఆపిల్ పాట. 2017 నాటి ప్రకటనలో ఓ పిల్ల అసలు కంప్యూటరంటే ఏమిటని కూడా అడిగేసింది. ఆ తర్వాత పలకకు తగిలించినవన్నీ కంప్యూటర్ సామానే: 2020లో మౌస్, టచ్‌ప్యాడ్; 2025లో ఎటు కావాలంటే అటు జరుపుకుంటూ, సైజు మార్చుకునే విండోలు. 2020 నాటి 12.9 అంగుళాల ప్రో 641 గ్రాములే. మ్యాజిక్ కీబోర్డు తగిలిస్తే సుమారు 1.35 కిలోలు! అదే ఏడాది వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ 1.29 కిలోలు. తేలికని కొన్నదే బరువెక్కింది, జేబు మాత్రం తేలికైంది. కీబోర్డు ఒక్కటే అప్పట్లో మన దగ్గర 31,900 రూపాయలు మరి. ఇంతా చేసి, ఆఫీసు నుంచి మాక్రోలున్న ఎక్సెల్ షీటు వస్తే ఐప్యాడ్‌లో ఆ మాక్రోలు నడవవు. బీరువాలోని పాత ల్యాప్‌టాప్‌కు ఛార్జింగ్ పెట్టాల్సిందే.