కవిత పంపడానికి ఎదురు డబ్బా?

ఈ కాలం పిల్లలు కవిత అచ్చుకి పంపడానికి ఎదురు డబ్బు కడుతున్నారు. మామూలుగా పంపితే 3, 4 డాలర్లు, పోటీకైతే 30 పైచిలుకు. ఎందుకు నాయనా అంటే "రీడింగ్ ఫీజు అంకుల్, చాలామంది తీసుకుంటారు" అని తాపీగా చెబుతారు. చదవడానికి ఫీజేమిటయ్యా! పత్రిక పెట్టినవాడు వచ్చినవి చదవాలి, నచ్చినవి వేసుకోవాలి, వేసుకుంటే రాసినవాడికి డబ్బివ్వాలి. మా రోజుల్లో లోకం ఇలాగే నడిచింది. ఇప్పుడు తలకిందులుగా నడుస్తూ, ఇదే నడక అని నాకే చెబుతున్నారు.

మా రోజుల్లో కవిత పంపడానికో వరస ఉండేది. ముందు పత్రిక చదవాలి. రామచంద్రపురం శాఖా గ్రంథాలయంలో సాయంత్రం బల్ల దగ్గర చోటు దొరికితే అదృష్టం. ఏ పత్రిక పద్యానికి చోటిస్తుంది, ఏది వచన కవిత వేస్తుంది, ఏ సంపాదకుడికి పొడుగాటి కవితంటే పడదు, ఇవన్నీ చదివి చదివి మాకే తెలిసేవి. 'భారతి' అంటే మాత్రం దడే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పెట్టిన పత్రిక. అందులో ఒక్క కవిత పడ్డవాణ్ణి మా తెలుగు మేష్టారు కూడా "రావయ్యా, కూర్చో" అని కుర్చీ చూపించేవారు. 1991లో అది ఆగిపోయింది. అప్పటికి నేను కెనడా వచ్చేశాను. కబురు ఉత్తరంలో వస్తే, దగ్గరి చుట్టం పోయినట్టే అయింది.

రాసిన కవిత తెల్లకాగితం మీద ఒకవైపే, ఎడమపక్క మార్జిను వదిలి, కుదురైన చేతిరాతతో ఎత్తి రాయాలి. కింద కార్బన్ పేపరు పెట్టి నకలు ఉంచుకోవాలి, పోయిన కాగితానికి పత్రిక పూచీ లేదు గనక. అడుగున హామీపత్రం: ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం గాని అనుకరణ గాని కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి సంతకం. తిరుగు టపాకి మన చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవరు. దీపావళి ప్రత్యేక సంచికలో పడాలంటే ఎండలు మండిపోతుండగానే దీపాల మీద రాసుకోవాలి. ఇదంతా చాదస్తమంటారు మీరు. ఫెయిర్ కాపీ ఎత్తి రాసేటప్పుడే సగం తప్పులు బయటపడేవి. ఏ మాట అనవసరమో మూడోసారి రాసే చెయ్యి మొరాయించి చెప్పేది. కాపీ, పేస్ట్ చేసే వేలికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

తర్వాత ఎదురుచూపు. రెండు నెలలు, నాలుగు నెలలు. ఎప్పుడో ఓ మధ్యాహ్నం పోస్ట్‌మాన్ అరుగు ముందు సైకిలు స్టాండు వేసి, సంచిలోంచి మనియార్డరు ఫారం తీసి, సంతకం పెట్టమని పెన్నిచ్చేవాడు. పది రూపాయలు. ఫారం చివర చించి మన చేతికిచ్చే కూపను ముక్క మీద కవిత పేరు, సంచిక తేదీ రాసి ఉండేవి. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ ఆ ముక్కని తిరగేసి చూసి "దీనికి డబ్బులిస్తారా!" అని పోస్ట్‌మాన్‌కి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. ఆ రోజు నుంచి నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, కొట్టుకెళ్ళి పంచదార తెమ్మని ఎవరూ లేపలేదు. పది రూపాయలు చేసిన పని అది. కవిత్వం రాయడం కూడా పనేనని మా ఇంట్లో ఒప్పుకున్నారు.

అన్ని పత్రికలూ ఇచ్చేవని కాదు. ఇవ్వనివే ఎక్కువ. ఇది చదివి వినిపిస్తుంటే మా ఆవిడ పక్కనుంచి ఆ మాటే అంటోంది. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, నేను వాళ్ళ గురించే చెబుతున్నాను.

తిరిగొచ్చిన కవితలోనూ మర్యాద ఉండేది. అచ్చు వేసిన చీటీలే ఎక్కువగా వచ్చేవి, "స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం" అని. కానీ ఓ సంపాదకుడు నా కవిత మార్జినులో పెన్సిలుతో "చివరి నాలుగు పాదాలు తీసేసి చూడండి" అని రాశాడు. రెండు రోజులు అలిగాను. మూడోరోజు తీసేసి చూస్తే కవిత లేచి కూర్చుంది. ఊరూ పేరూ లేని కుర్రాడి కాగితం మీద పెన్సిలు పెట్టే తీరిక ఆ పెద్దమనిషికి ఉండేది. ఇటువైపూ ఆ మర్యాద ఉండేది. చికాగోలో 'పొయెట్రీ' అని 1912 నుంచి వస్తున్న పత్రిక ఉంది. మందుల కంపెనీ వారసురాలు రూత్ లిల్లీ దానికి కవితలు పంపేది. ఒక్కటీ వేసుకోలేదు. తిప్పి పంపేటప్పుడు మాత్రం సంపాదకుడు జోసెఫ్ పరీసీ స్వహస్తంతో ఆదరంగా నాలుగు మాటలు రాసేవాడు. 2002లో ఆవిడ ఆ పత్రికకి దాదాపు 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. చేత్తో రాసిన జవాబు ఎంత దూరం పోతుందో చూడు.

మరి మీకొచ్చే జవాబేమిటి? 2010లో మొదలైన సబ్‌మిటబుల్ అనే వెబ్‌సైటులో కవిత పడేస్తారు. ఆ క్షణం నుంచి ఫోను తీసి చూడటమే. రిసీవ్డ్. మర్నాడు చూస్తే ఇన్ ప్రోగ్రెస్. అర్ధరాత్రి దుప్పట్లోంచి మళ్ళీ చూస్తే అదే ఇన్ ప్రోగ్రెస్. చివరికి డిక్లైన్డ్. ఎవరు చదివారో తెలీదు, ఎక్కడ నచ్చలేదో తెలీదు. ఈ లోపల అదే కవిత ఇంకో పదిహేను పత్రికలకి పోయి ఉంటుంది. ఒకేసారి పలుచోట్లకి పంపినా ఫరవాలేదని చాలా పత్రికలే అంటున్నాయిగా అంటారు. అంటున్నాయి. ఒకచోట తీసుకుంటే మిగతావాళ్ళకి వెంటనే చెప్పమని కూడా అంటున్నాయి. ఆ రెండో మాట ఎంతమంది చదివారు?

"మీకు స్టాంపుల ఖర్చు లేదా అంకుల్?" అని ఒకమ్మాయి నిలదీసింది. ఎందుకు లేదమ్మా, ఉంది. నేను ఈ ఊరొచ్చిన కొత్తల్లో బ్రాంప్టన్‌లో కరివేపాకు దొరకడమే గగనం. నా కవితలు నేనే ఇంగ్లీషులోకి తిప్పుకుని అమెరికా పత్రికలకి పంపేవాణ్ణి. కెనడా స్టాంపు అమెరికా పోస్టాఫీసులో చెల్లదు. అందుకని తిరుగు టపాకి అంతర్జాతీయ కూపను కొని పెట్టాలి. 1906లో రోమ్‌లో అన్ని దేశాల టపావాళ్ళు కూర్చుని పెట్టుకున్న ఏర్పాటు అది, ఆ కూపను ఇస్తే ఏ దేశపు పోస్టాఫీసైనా జవాబుకి స్టాంపులిచ్చేది. లెక్క వేస్తే మీ 3 డాలర్ల కంటే నాకే ఎక్కువైందేమో. కానీ ఆ డబ్బు టపావాడికి పోయింది. పత్రికకి ఒక్క పైసా కట్టలేదు. తేడా అక్కడుంది.

డబ్బిచ్చే పత్రికలు లేవా అంటే, వెతికే ఓపిక ఉంటే ఉన్నాయి. ఆ చికాగో 'పొయెట్రీ' పాదానికి 10 డాలర్లు, కవితకి తక్కువలో తక్కువ 300 ఇస్తుంది, పంపడానికి ఫీజు లేదు. అది పెట్టిన హారియెట్ మన్రో మొదటే వందమంది ఊరిపెద్దల దగ్గరికి వెళ్ళి, ఐదేళ్ళపాటు ఏటా 50 డాలర్లివ్వమని అడిగి మరీ నడిపింది, కవులకి డబ్బివ్వాలని. మన కెనడాలో ఫ్రెడెరిక్టన్ నుంచి 'ఫిడిల్‌హెడ్' 1945 నుంచి, విక్టోరియా నుంచి 'మలహాట్ రివ్యూ' 1967 నుంచి, ఆటవా నుంచి 'ఆర్క్' 1978 నుంచి వస్తున్నాయి. అచ్చు పేజీకి ఇంతని కవికి ముట్టజెబుతాయి. దానితో ఇల్లు గడవదు. నెల కిరాణాకీ చాలదు. కానీ అది కవికి వచ్చే డబ్బు. పోటీల ఫీజు దగ్గర కూడా చూసుకో: కొన్నిటిలో ఏడాది చందా కలిసి ఉంటుంది. పత్రిక ఇంటికొస్తుంది గనక దాన్ని నేను క్షమిస్తాను. పత్రికా రాదు, జవాబూ రాదు, ఫీజు మాత్రం పోతుందంటే అక్కడికి పంపకు.

పంపేముందు ఆ పత్రిక రెండు సంచికలు చదువు. ఇక్కడి చింగువాకూసీ గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే హాయి ఉండగా, పేరు చూసి పంపడమేమిటి? ఇంకోటి, రాత్రి రాసిన కవిత పొద్దున్నే ఫేస్‌బుక్‌లో పెట్టకు. చాలా పత్రికలు దాన్ని అచ్చయినట్టే లెక్కేస్తాయి. అరవై లైకుల కోసం కవితని ఎంగిలి చేసి, తర్వాత "పత్రికలు తీసుకోవడం లేదంకుల్" అని నా దగ్గర వాపోతే నేనేం చెయ్యను?

రూపీ కౌర్ పేరెత్తుతారు మీరంతా. ఈ బ్రాంప్టన్‌లో పెరిగిన పిల్ల, 2014లో 'మిల్క్ అండ్ హనీ' తనే అచ్చేసుకుంది, మరుసటి ఏడు అమెరికా ప్రచురణకర్త వచ్చి తీసుకున్నాడు, లక్షల ప్రతులు పోయాయి. ఆ కవితలు నాకు అంతగా ఎక్కలేదు. నా మనవరాలు మాత్రం దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఒక కవి పుస్తకం ఈడొచ్చిన పిల్ల దిండు కిందికి చేరిందంటే నేను కాదనేదేముంది? పైగా ఆ అమ్మాయి తన రాతకి తను డబ్బు తీసుకుంది. ఆ పాఠం వదిలేసి, ఆమె పొట్టి పాదాలూ చిన్న బొమ్మలూ నేర్చుకున్నారు మీరు.

అసలు బాధ మన తెలుగు దగ్గర ఉంది. తెలుగునేల మీద వారపత్రికలు ఒక్కొక్కటే రాలిపోయాయి. 1978లో మొదలైన మాసపత్రికలు 'విపుల', 'చతుర' కూడా 2021లో ఆగాయి. ఇవతల 'ఈమాట' అనే వెబ్ పత్రిక 1998 నుంచి నిలబడి ఉంది. నలుగురు సొంత పనులు మానుకుని, పైసా ఆశించకుండా, వచ్చిన రచనని చదివి మంచిచెడ్డలు చెబుతారు. ఆ పెన్సిలు ఇంకా బతికే ఉందని వాళ్ళని చూస్తే అనిపిస్తుంది. వాళ్ళని డబ్బడగమని నేననను.

నేనడిగేది ఇక్కడ మన తెలుగు సంస్థలు పెట్టే పండగ సభలని. సంక్రాంతికో ఉగాదికో ప్రత్యేక సంచిక వేస్తారు. ఇళ్ళ బ్రోకర్ల దగ్గర, లోన్లవాళ్ళ దగ్గర రంగుల పేజీకి ఇంత అని ప్రకటన డబ్బు వసూలు చేస్తారు. హాలుకి అద్దె కడతారు. పులిహోర, గారెలు చేసినవాళ్ళకి కడతారు. మైకువాడు ముందు అడ్వాన్సు తీసుకుంటేగాని తీగ విప్పడు. ప్రింటరు బిల్లు చెల్లిస్తేగాని కట్టలు దింపడు. కవి దగ్గరికొచ్చేసరికి "మన సంస్థే కదండీ, సేవే కదండీ!" చేతిలో ఒక సంచిక, భుజాన ఒక శాలువా. మా ఇంట్లో శాలువాలకి ఒక అలమర ఉంది. ఈ చలిదేశంలో కూడా అవి కప్పుకోవడానికి పనికిరావు, అంత పల్చన. ఈ దేశంలో గ్రంథాలయంలో పుస్తకం ఉన్నందుకు రచయితకి ఏటా సొమ్మిచ్చే పథకం 1986 నుంచి నడుస్తోంది. అంత మర్యాద తెలిసిన దేశంలో ఉంటూ, మన కవికి మనం ఒక పాతిక డాలర్లు కవర్లో పెట్టి ఇవ్వలేమా? ప్రకటనల్లో అరపేజీ డబ్బు చాలు, సంచికలో ఉన్న కవులందరికీ సరిపోతుంది.

అడగడానికి మీకు మొహమాటం. ఆ మొహమాటమే వాళ్ళ ధైర్యం. నువ్వు ఊరికే ఇస్తే నీ తర్వాతవాడు కూడా ఊరికే ఇవ్వాల్సి వస్తుంది, అది గుర్తు పెట్టుకో. ఈసారి సంచికకి కవిత కావాలని ఫోనొస్తే, ఎన్ని పాదాలు, ఎప్పటికి కావాలి అని అడిగే ముందు, ఎంతిస్తారని అడుగు. వాళ్ళు నవ్వితే నువ్వు నవ్వకు. "కవిత్వానికి డబ్బేమిటి బాబూ" అంటే నా నంబరిచ్చి ఆ పెద్దాయనతో మాట్లాడమను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా నిద్రపోతాను, ఆ వేళ తప్ప ఎప్పుడైనా చెయ్యమను.